పౌర విద్య ప్రాజెక్టు పిల్లలతోనే చేయించడం ఎలా?

పౌర విద్య ప్రాజెక్టు అనగానే నాయకుల ఫొటోలు అతికించిన చార్టు తయారైపోతుంది. అందులో సగం చేతిరాత అమ్మానాన్నలదే. చూసీ చూసీ విసుగొచ్చింది. పిల్లలు తమ చుట్టూ ఉన్న ఒక సమస్యను పట్టుకుని, దాని మీద నిర్ణయం ఎవరు తీసుకుంటారో కనుక్కుని, వాళ్లను ఒక కోరిక కోరాలి. ప్రాజెక్టంటే అంతే.

కావలసినవి తక్కువే: ఆరు వారాలు, వారానికి ఒకటి రెండు పీరియడ్లు, గ్రూపుకు ఒక నోటుబుక్కు. గ్రూపుకు నలుగురే ఉండాలి. ఐదోవాడు ఎప్పుడూ ఖాళీగా కూర్చుంటాడు. నోటుబుక్కులో చేత్తోనే రాయాలి, ప్రింటవుట్లు అతికించకూడదు.

మొదటి వారం, రోజూ తమకు చిరాకు తెప్పించిన విషయాలన్నీ రాసుకు రమ్మనండి.

రెండో మెట్టు ప్రశ్న తయారుచేయడం. ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. పిల్లలు 'కాలుష్యం', 'ట్రాఫిక్' అని రాసుకొస్తారు. అవి పాఠాల పేర్లు. వాటితో మొదలుపెడితే చివరికి ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు పేరాలే మిగులుతాయి. ప్రతి ప్రశ్ననూ మూడు జల్లెడలు పట్టాలి. పిల్లలు దాన్ని స్వయంగా చూసి లెక్కపెట్టగలరా? దాని మీద నిర్ణయం తీసుకునే మనిషో, కార్యాలయమో ఉందా? బుద్ధిమంతులైన ఇద్దరు దాని గురించి వేరువేరుగా ఆలోచించే వీలుందా?

'ట్రాఫిక్' ఈ మూడింట్లోనూ నిలవదు. 'బడి వదిలే వేళ గేటు ముందు బళ్లు ఆపనివ్వాలా, వద్దా?' అన్నది నిలుస్తుంది. బళ్లు లెక్కపెట్టొచ్చు. నిర్ణయం బడిదా, పోలీసులదా అని ఆరా తీయొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే పెద్దలు ఎలాగూ ఒప్పుకోరు. మూడో జల్లెడను చాలామంది వదిలేస్తారు. 'చెత్త వేయకూడదు' అంటే కాదనేవాళ్లు ఎవరుంటారు? అది నినాదంగానే మిగిలిపోతుంది.

ఈ మెట్టు దగ్గర టీచర్ నోరు అదుపులో ఉండాలి. క్లాసు నిశ్శబ్దమైపోతుంది, 'మీరే ఒకటి చెప్పండి సార్' అంటారు. చెప్పకండి. టెన్షన్ పడి ఒక్క టాపిక్ చెప్పారంటే అన్ని గ్రూపులూ దాన్నే రాసుకుంటాయి. 1992లో యునిసెఫ్ ప్రచురించిన వ్యాసంలో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. పెద్దలు రాసిచ్చిన ప్లకార్డులు పట్టుకోవడం లాంటివి ఉన్న కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యంగానే లెక్కపెట్టలేదు. పని అప్పగించినా, అది ఎందుకో పిల్లలకు తెలియజేస్తే అది నాలుగో మెట్టు. చాలా ప్రాజెక్టులు అక్కడిదాకా కూడా రావు.

కాబట్టి మీరు ప్రశ్నలు మాత్రమే వేయండి: 'నువ్వెప్పుడు చూశావు?', 'అది ఎవరి చేతిలో ఉంది?', 'కాదనేవాళ్లు ఏమంటారు?' రెండు పీరియడ్లు పోయినా పోనివ్వండి. వివాదం ఉన్న విషయమైతే మీ అభిప్రాయం ప్రాజెక్టు అయ్యేదాకా బయటపెట్టొద్దు. క్లాసులో ఎవరి ఇంటి విషయమో బయటపడి వాళ్లు తలదించుకునే ప్రశ్న వస్తే మాత్రం వెంటనే కొట్టేయండి. టీచర్ 'వద్దు' అనాల్సింది అక్కడొక్కచోటే.

ఇదంతా ఎందుకు, ఒకరోజు చీపుర్లు పట్టిస్తే పోలా అనేవాళ్లున్నారు. 1998లో ఇంగ్లండ్‌లో బడుల్లో పౌర విద్య గురించి ప్రభుత్వం వేసిన క్రిక్ కమిటీ దానికి మూడు పాయలుండాలని చెప్పింది: సామాజిక-నైతిక బాధ్యత, సమాజ కార్యక్రమాల్లో పాలుపంచుకోవడం, రాజకీయ అవగాహన. చీపుర్లతో మొదటి రెండూ కొంత వస్తాయి. శుభ్రం చేయించాల్సింది ఎవరు, అందుకు కేటాయించిన డబ్బు ఎక్కడికి పోతోంది అని అడగడం మాత్రం రాదు.

తర్వాత సమాచారం. ముగ్గురితో మాట్లాడాలి, వాళ్లలో ఒకరు తప్పకుండా వ్యతిరేకించేవారై ఉండాలి. ఇంట్లో అనుమతి తీసుకుని, ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఎవరి పేరైనా అడిగాకే రాయాలి.

చివరగా, నిర్ణయం తీసుకునే అధికారికి ఉత్తరం: ఒక పేజీ, ఒకే కోరిక. రాసే ముందు 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 12వ అధికరణం చదివించండి. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాటకు తగిన విలువ ఇవ్వాలని అందులో ఉంది. అది చదివాక ఉత్తరంలో బతిమాలే ధోరణి తగ్గుతుంది.

మార్కులు నోటుబుక్కుకే వేయండి. కొట్టివేతలు, మార్చుకున్న అభిప్రాయాలు ఉన్నదానికి ఎక్కువ వేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే మార్కులు తగ్గించొద్దు. ఆ అధికారికి పైన ఎవరున్నారో గ్రూపే కనుక్కుని, మొదటి ఉత్తరం కాపీ జతచేసి ఇంకొకటి రాయాలి.