ఖాళీ వేళల్లో మీ కంప్యూటర్‌తో పల్సర్లు వెతికించడం ఎలా?

కావలిలో మా నెట్ సెంటర్‌కి పొద్దున అప్లికేషన్ల వాళ్లు, సాయంత్రం కాలేజీ పిల్లలు వస్తారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా సిస్టమ్‌లు ఊరికే ఉంటాయి. ఆ వేళలో వాటిచేత ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు కోసం పల్సర్లు వెతికిస్తున్నాను. మనలాంటి వాళ్ల కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని వాడుకుని టెలిస్కోప్ డేటాని జల్లెడ పట్టే ప్రాజెక్టు అది. పల్సర్లంటే ఆయువు తీరాక కూడా గిరగిరా తిరిగే నక్షత్రాలు. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోప్ డేటాలో 2010లో ఒక పల్సర్‌ని పట్టుకున్నది అమెరికాలో అయోవా దంపతుల కంప్యూటరు, జర్మనీలో మైంజ్ నగరంలోని ఇంకో కంప్యూటరు. కావలి సిస్టమ్ ఎందుకు పట్టుకోకూడదు?

కావాల్సింది బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లది, వాళ్ల సైట్ నుంచే దించుకోండి. జాబితాలో ప్రాజెక్టు ఎంచుకుని ఈమెయిలు, పాస్‌వర్డు ఇస్తే పని దానంతటదే వస్తుంది. ప్రోటీన్ల మీద ఆసక్తి ఉంటే రోసెట్టా ఎట్ హోమ్, యూరప్‌లోని కణభౌతిక పరిశోధనశాల సెర్న్ కోసమైతే ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ ఉన్నాయి. సిస్టమ్ మీది కాకపోతే అనుమతి లేకుండా వేయొద్దు. కాలేజీ ల్యాబుకైతే ప్రిన్సిపాల్ చేత కాగితం మీద రాయించుకోండి.

అసలు పనంతా సెట్టింగుల్లోనే. ఆప్షన్స్‌లో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి, సీపీయూల వాడకం 50 శాతానికి తగ్గించండి. రోహిణి కార్తెలో నేను పాతికకు దించేస్తాను. గదిలో ఏసీ లేకపోతే ఆ రోజుల్లో పూర్తిగా ఆపేయడమే మంచిది. కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఆగిపోవాలన్న చోట టిక్ పెట్టండి, డైలీ షెడ్యూల్స్‌లో మీ ఖాళీ గంటలు రాయండి. కరెంటు పోతే చేసిందంతా పోతుందా అని అందరూ అడుగుతారు. పోదు. అప్పటిదాకా చేసింది మధ్యమధ్యలో డిస్కులో రాసుకుంటుంది, కరెంటు రాగానే అక్కణ్ణుంచి అందుకుంటుంది. బిల్లు మాత్రం పెరుగుతుంది, ముందే లెక్కేసుకోండి.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. పని ఎక్కువగా తెచ్చి పెట్టుకోవద్దు. ఒకే పనిని సాధారణంగా రెండు వేర్వేరు కంప్యూటర్లకు పంపి, జవాబులు కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. మనం తెచ్చుకుని పక్కన పడేస్తే, ఏ పోలండులోనో ఎప్పుడో పూర్తి చేసినాయన ఫలితం మనకోసం ఆగిపోతుంది. రోజుకు రెండున్నర గంటలే తిప్పేవాళ్లకు నిల్వ 0.1 రోజు చాలు, అదనపు నిల్వ 0 పెట్టండి. తక్కువే చేయండి, గడువులోపల చేయండి.

"ఏందన్నా, ఎవురూ లేకుండానే అది పంజేస్తా ఉండాది?" అని ఇంటర్ పిల్లోడొకడు అడిగాడు. స్క్రీన్‌సేవర్‌లో తిరిగే ఆకాశగోళం చూపించా. మరుసటి వారం వాళ్లింటి ల్యాప్‌టాప్‌లో వేయించుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆగేలా పెట్టాలి.

సంక్రాంతికి ఊరెళ్లే ముందు, ఫార్మాట్ కొట్టే ముందు ప్రాజెక్ట్స్ ట్యాబులో నో న్యూ టాస్క్స్ నొక్కండి. చేతిలో ఉన్న పని పూర్తయి, జవాబు అటు చేరాకే సిస్టమ్ కట్టేయండి.