కోయంబత్తూరు వెళ్లే ముందు బాడీవర్క్ రూల్స్ ఇలా చదవండి

జనవరిలో కోయంబత్తూరులోని కారీ మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్‌కి, అంటే కాలేజీ విద్యార్థులు తాము తయారుచేసిన రేసు కార్లతో పోటీపడే ఈవెంట్‌కి, వెళ్లే టీమ్‌లు ఇప్పుడు బాడీవర్క్ మోల్డుల (అచ్చుల) పనిలో ఉండి ఉంటాయి. ఛాసిస్, బ్రేకులు, హై వోల్టేజ్ అంటే అందరికీ టెన్షనే కానీ బాడీవర్క్ దగ్గరికొచ్చేసరికి "పై తొడుగే కదా, చివర్లో చూసుకుందాం" అనేస్తారు. అలా అనుకోవద్దు. అచ్చు పోసేశాక కారు ముక్కు ఆకారం మార్చడం చాలా పెద్ద పని.

ఏ రూల్ చదివినా, ఇది ఎవరి ఒంటిని కాపాడటానికి రాశారు అని ముందు అడగండి. ముక్కు గుండ్రంగా ఉండాలన్నది ట్రాక్ పక్కన నిలబడే మార్షల్స్ కోసం. బాడీలోంచి డ్రైవర్ దగ్గరికి కన్నాలు ఉండకూడదన్నది డ్రైవర్ కాళ్ల కోసం. రూల్ ఉద్దేశాన్ని తప్పించుకుంటే రూల్ తప్పినట్టే లెక్క అని రూల్‌బుక్‌లోనే ఉంది కాబట్టి, "అక్షరాలా చూస్తే ఇది కుదురుతుంది" అన్న వాదన స్క్రూటినీలో, అంటే పోటీలో కారుని తనిఖీ చేసేటప్పుడు, నిలబడదు. ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నాయా, కఠినంగా ఉన్న అర్థానికే డిజైన్ చేయండి, ఆ తర్వాత బొమ్మ గీసి, కొలతలు వేసి నిర్వాహకులకు రాసి అడగండి. ఫోన్‌లో ఎవరో సీనియర్ చెప్పింది జవాబు కాదు, పోయినేడాది కారు పాసయ్యింది అన్నది కూడా కాదు. ఫార్ములా భారత్ జర్మనీ ఫార్ములా స్టూడెంట్ రూల్‌బుక్‌ని ఆధారం చేసుకుని, దాని మీద తన సప్లిమెంట్ పెడుతుంది. రెండూ ఈ ఏడాది వెర్షన్లే పక్కన పెట్టుకోండి. సుప్రా అనే మరో విద్యార్థి పోటీ పుస్తకం వేరు, కలిపి చదవకండి.

ఎక్కువ మంది దెబ్బతినేది రేడియస్‌ల దగ్గరే. ముందు చక్రాల కంటే ముందున్న బాడీవర్క్ అంచులకు కనీసం 38 మి.మీ. రేడియస్ ఉండాలి, అది ముందుకు చూసే దిశ నుంచి పైకీ కిందికీ పక్కలకీ కనీసం 45 డిగ్రీల దాకా సాగాలి. ముక్కు కొన ఒక్కటీ గుండ్రంగా ఉంటే చాలదు, కింది పెదవి కూడా ఇందులోకే వస్తుంది, అక్కడే చాలామంది పదునుగా వదిలేస్తారు. ప్లంబింగ్ షాపులో దొరికే 75 మి.మీ. పీవీసీ పైపు మీద ఆ అంచు మలిస్తే రేడియస్ 37.5 వస్తుంది, అంటే ఫెయిల్. 90 పైపు తీసుకోండి. చెక్ చేయడానికి యాక్రిలిక్ షీట్‌లో 38 రేడియస్‌తో లోపలికి వంపు తిరిగిన గేజ్ కోయించి అంచుకు ఆనించి చూడండి. మధ్యలో సందు కనిపిస్తే మీ రేడియస్ పెద్దది, ఫర్వాలేదు. మధ్యలో తగిలి రెండు చివర్లా సందు ఉంటే చిన్నది, పని మిగిలే ఉంది. పెయింట్ వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి చూడండి, ఎందుకంటే గీకుడులో అంచులు పదునెక్కుతాయి.

మనుషులకు తగిలే మిగతా బాడీవర్క్ అంచులకు కనీసం 1 మి.మీ. చాలు. తేలికే అనిపిస్తుంది కానీ 1 మి.మీ. మందం కార్బన్ షీట్ అంచుని ఎంత గుండ్రంగా అరగదీసినా రేడియస్ 0.5 దాటదు! అలాంటి చోట అంచుని లోపలికి మడిచేలా మోల్డ్ చేయండి, లేదా రబ్బర్ బీడింగ్ గట్టిగా అతికించండి. వింగ్‌ల (గాలితో కారుని నేలకి అదిమే రెక్కల) ముందంచులకు లెక్క వేరు: అడ్డంగా ఉన్నవాటికి కనీసం 5 మి.మీ., నిలువువాటికి 3 మి.మీ. రేడియస్. ముక్కుకి చిన్న వింగ్ అతికించి ఏ రూల్ వర్తిస్తుందో తేలకపోతే, అది కూడా అడగాల్సిన ప్రశ్నే.

సస్పెన్షన్ చుట్టూ కోసే కన్నాలు "కనీస" సైజులోనే ఉండాలి. కాబట్టి చేతికొచ్చినట్టు కోయకుండా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం పూర్తిగా పైకీ కిందికీ కదిపి, రాడ్ ఎక్కడెక్కడ తిరుగుతుందో గుర్తు పెట్టి అంతే కోయండి. మరోపక్క మూసి ఉన్న ఛాసిస్ అడుగున, బాగా పల్లంగా ఉన్న చోట, కనీసం 25 మి.మీ. వ్యాసం ఉన్న కన్నాలు రెండు ఉండాల్సిందే, ఇంధనం గానీ నీళ్లు గానీ లోపల నిలవకూడదు కదా. టైరుకి ముందూ వెనకా 75 మి.మీ. వరకు ఏ భాగమూ రాకూడదన్నది తెలిసిందే, కాకపోతే క్యాడ్‌లో కాకుండా డ్రైవర్‌ని కూర్చోబెట్టి నేల మీదున్న కారుకి కొలవండి.

వింగ్ గట్టిదనం వర్క్‌షాప్‌లోనే తేల్చుకోవచ్చు. 15×15 సెం.మీ. ప్లైవుడ్ ముక్క మీద 20.5 కేజీల ఇసుక మూట పెడితే సుమారు 200 న్యూటన్లు, వంగుడు 10 మి.మీ. దాటకూడదు. తర్వాత స్ప్రింగ్ త్రాసుతో ఏ మూలనైనా, ఎటువైపైనా 50 న్యూటన్లు, అంటే 5 కేజీలకి కాస్త పైన లాగండి, 25 మి.మీ. లోపు ఉండాలి.

కార్బన్ అరగదీసేటప్పుడు మాస్క్, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, తడి చేసి గీకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి అస్సలు మంచిది కాదు. పిట్‌లో పుట్టీ పెట్టి రేడియస్ పెంచుదాంలే అనుకోకండి, అది గట్టిపడి అరగదీసే లోపు మీ స్లాట్ అయిపోతుంది. గేజ్, రబ్బర్ బీడింగ్, మీ ప్రశ్నలకు వచ్చిన జవాబుల ప్రింట్లు ఒకే డబ్బాలో వేసి, స్క్రూటినీకి వెళ్లేవాళ్ల చేతికివ్వండి.