పిల్లల పేరిట ఇల్లు రాసే ముందు

దస్తావేజు ముసాయిదాను ముందురోజే కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదవండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వేలిముద్ర వేసే హడావిడిలో ఎవరూ చదవరు.

• గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టరయ్యాక మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు. వీలునామానైతే బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తొందర లేకపోతే నా ఓటు దానికే.

• గిఫ్టే ఇస్తానంటే, ‘నా పోషణ, వైద్యం చూసుకోవాలి’ అన్న షరతు స్పష్టంగా రాయించండి. పిల్లలు మాట తప్పితే, 60 దాటినవారు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఆ వాక్యమే బలం. ‘ప్రేమాభిమానాలతో’ అని మాత్రమే ఉంటే చిక్కే. దస్తావేజు లేఖరులకు కంఠతా వచ్చిన ముక్క అదొక్కటే!

• జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీకే ఉంచుకోండి.

• రిజిస్ట్రేషన్‌కు వెళ్లేటప్పుడు ఈసీ (ఆస్తిపై తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటి పన్ను రసీదు, ఇద్దరు సాక్షుల ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి.