పార్లమెంట్ ఎన్నికల ఫలితం ఊహించే ముందు ఇవి చూసుకోండి

- ముందు ఆ దేశంలో సీట్లు ఎలా పంచుతారో తెలుసుకోండి, ఇది వదిలేస్తే మిగతా లెక్కంతా వేస్టే. బ్రిటన్‌లోలాగా నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినోళ్లదే సీటు అయితే ఓట్ల శాతానికీ సీట్లకీ పొంతనే ఉండదు, 2024లో లేబర్ పార్టీకి 34 శాతం కూడా రాలేదు గానీ 650లో 411 సీట్లు పట్టుకెళ్లింది, రిఫార్మ్ పార్టీకేమో 14 శాతం వచ్చినా దక్కినవి 5.

- శాతాన్ని బట్టి సీట్లిచ్చే చోట కటాఫ్ (సీట్లు రావాలంటే తెచ్చుకోవాల్సిన కనీస ఓట్ల శాతం) ఎంతో చూడండి. జర్మనీలో 5 శాతం. 2025లో అక్కడి ఒక పార్టీ బీఎస్‌డబ్ల్యూ 4.98 దగ్గర ఆగిపోయింది, అంతే, ఒక్క సీటూ లేదు (నాకైతే పాపం అనిపించింది). టర్కీలో 2002లో ఈ గీత 10 శాతం ఉండేది, చాలా పార్టీలు కిందే ఉండిపోవడంతో ఏకేపీ అనే పార్టీ 34 శాతంతోనే 550లో 363 కొట్టేసింది.

- ఒక్క సర్వే చూసి ఫిక్స్ అవ్వద్దు. ఎవరు చేయించారు, ఎప్పుడు, ఎంతమందిని అడిగారు? వెయ్యిమంది శాంపిల్ అంటే 3 శాతం అటూఇటూ మామూలే, అలాంటప్పుడు ఒక శాతం లీడ్ అంటే లీడే కాదు.

- ఎగ్జిట్ పోల్స్‌నీ నెత్తిన పెట్టుకోకండి. ఇండియాలో 2024లో చాలావరకు ఎన్డీఏకి 350 దాటిస్తే వచ్చినవి 293.

- ఫస్ట్ వచ్చిన పార్టీదే ప్రభుత్వం అనుకోవద్దు, ఎవరు ఎవరితో కలిసి ప్రభుత్వంలో కూర్చోనన్నారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత ప్రభుత్వం కుదరడానికి 541 రోజులు పట్టింది మరి.

- సీట్ల లిస్ట్ ఏదైనా వాట్సాప్‌లో వస్తే సోర్స్ చూశాకే ఫార్వర్డ్.