మినీ లేత్‌కి క్యారేజ్ స్టాప్

నా చిన్న లేత్‌లో (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) ఒకే కొలత బుష్‌లు వరసగా చేస్తుంటే, మెట్టు దగ్గర పొడవు ఒక్కోదానికీ ఒక్కోలా వచ్చేది. ప్రతిసారీ కాలిపర్ పెట్టి చూడటం విసుగు. క్యారేజ్‌ని (కోసే పనిముట్టుని మోస్తూ అటూఇటూ జరిగే భాగాన్ని) ఒకే చోట ఆపే స్టాప్ ఉంటే సరిపోతుందనిపించింది.

మైల్డ్ స్టీల్ ముక్కకి కింద వీ ఆకారంలో గాడి కోసి, బెడ్ (క్యారేజ్ జరిగే పొడవాటి దిమ్మ) ముందు పట్టా మీద కూర్చోబెట్టాను. ఆ గాడి సరిగ్గా కూర్చోవడమే అసలు పని. బెడ్‌కి మార్కర్ రాసి, ముక్కని జరిపి, రంగు అంటిన ఉబ్బుల్ని ఆకురాయితో తీస్తూ పోవాలి. అడుగున పట్టుకునే ప్లేట్ ర్యాక్‌కి (బెడ్ ముందున్న పళ్ల పట్టీకి) తగలకుండా లోపలి వైపుకి పెట్టాను. బిగించడానికి ఎం8 అలెన్ బోల్ట్ చాలు.

సర్దుబాటుకి ఎం10×1 స్క్రూ, లాక్ నట్ వేశాను. పిచ్, అంటే ఒక పూర్తి తిప్పుకి స్క్రూ జరిగే దూరం, 1 మి.మీ. కాబట్టి పావు తిప్పు తిప్పితే 0.25 మి.మీ. జరుగుతుంది. లెక్క సులువు.

డయల్ గేజ్ పెట్టి చూస్తే, చేత్తో మెల్లగా ఆనించినప్పుడు ముల్లు దాదాపు ఒకేచోటికి వస్తోంది. గట్టిగా కొడితే మాత్రం తేడా వస్తుంది, కాబట్టి చెయ్యి ఒకేలా ఉండాలి. స్క్రూ కొసన చిన్న లోహపు పొట్టు ఇరుక్కున్నా కొలత పోతుంది. ముందు బ్రష్‌తో తుడవండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త: ఇది ఆటో ఫీడ్‌ని (క్యారేజ్‌ని యంత్రమే నడపడాన్ని) ఆపదు. స్టాప్‌కి కాస్త ముందే హాఫ్ నట్ (క్యారేజ్‌ని నడిపే పొడవాటి స్క్రూని పట్టుకునే నట్) విడిపించి, మిగతాది చేత్తో తిప్పాలి. లేదంటే గేర్ల పళ్లు ఊడతాయి, ఈ సైజు మెషిన్లలో కొన్నిటికి అవి ప్లాస్టిక్‌వే.