మాడ్యులర్ స్విచ్‌కు రౌటింగ్ మాడ్యూల్ చేర్చడం: ఏడవ పాఠం

ఆరవ పాఠం ముగిసేసరికి మన ఊహా సంస్థ నెట్‌వర్క్‌ను మూడు వీలాన్లుగా, అంటే ఒకే స్విచ్ మీద ఒకదానికొకటి కనబడని మూడు భాగాలుగా, విడదీశాం. భీమవరం శివారులోని రొయ్యల శుద్ధి కర్మాగారంలో లెక్కల విభాగం 10వ వీలాన్‌లో, నాణ్యతా పరీక్షల ప్రయోగశాల 20వ వీలాన్‌లో, శీతల గిడ్డంగుల ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలు 30వ వీలాన్‌లో ఉన్నాయి. ఒక విభాగపు రద్దీ మరొక విభాగానికి పాకకుండా ఆపగలిగాం కాని, ప్రయోగశాలవారు తమ నివేదికను లెక్కల విభాగపు సర్వర్‌లో దాచుకోవాలన్నా ఇప్పుడు దారి లేదు. ఆ దారిని వేయడమే ఈ పాఠం పని.

వీలాన్ల మధ్య దారి ఎందుకు ఉండదో మన డెల్టా కాలువల సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. లారీలు రాకముందు కాకినాడ వైపు నుంచి బయలుదేరిన సరుకు పడవ ఏలూరు వైపు వెళ్ళాలంటే, తూర్పు డెల్టా కాలువ వెంట ధవళేశ్వరం దాకా ఎగువకు వచ్చి, అక్కడి లాకుల గుండా నదిలోకి ఎక్కి, గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల గుండా పశ్చిమ డెల్టా కాలువలోకి దిగేది. అడ్డదారి అంటూ ఉండేది కాదు. వీలాన్ల మధ్య ప్యాకెట్ (సమాచారపు పొట్లం) ప్రయాణం కూడా అంతే: నెట్‌వర్క్‌ల మధ్య దాటించే రౌటర్ ఎగువన ఉంటుంది, దాని దాకా వెళ్ళి తిరిగి దిగవలసిందే.

ఆ రౌటర్ విడిగా ఒక పెట్టెగా ఉండవచ్చు, లేదా స్విచ్ ఛాసిస్ (కార్డులు పట్టే పెట్టె)లోని ఖాళీ స్లాట్‌లో కూర్చునే మాడ్యూల్‌గా ఉండవచ్చు. మనం రెండవదాన్ని చూస్తాం. ఉదాహరణకు సిస్కో క్యాటలిస్ట్ 4006 ఛాసిస్‌నూ, దానికోసం తయారైన 4232 లేయర్ 3 (అంటే రౌటింగ్ చేసే) మాడ్యూల్‌నూ ఎంచుకున్నాను. ఇవి పాత పరికరాలే. ఆ తరువాత వచ్చిన మూడవ తరం సూపర్‌వైజర్ కార్డులు (స్విచ్‌ను నడిపించేవి) రౌటింగ్‌ను తమలోనే కలుపుకున్నాయి కనుక ఈ మాడ్యూల్ అవసరం తీరిపోయింది. అయినా నేర్చుకునేవారికి ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త స్విచ్‌లు లోపల దాచేసే అతుకులు ఇందులో బయటికి కనిపిస్తాయి. ప్రతి అతుకునూ మన చేత్తోనే కలపవలసి వస్తుంది.

ఆదేశాలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.

ముందుగా కార్డును అమర్చే పని. 4006 ఛాసిస్‌లో ఆరు స్లాట్లుంటాయి. మొదటిది సూపర్‌వైజర్‌ది, దాన్ని ముట్టుకోవద్దు. రెండవ స్లాట్‌కు ఉన్న మూత రేకును విప్పి భద్రపరచండి, ఎందుకంటే రేపు కార్డు తీసేస్తే ఆ రేకు మళ్ళీ బిగించకపోతే ఫ్యాన్ల గాలి కార్డుల మీదుగా పారకుండా ఆ కంతలోంచి పోతుంది. ఈ శ్రేణిలో విద్యుత్తు నడుస్తుండగానే కార్డు పెట్టవచ్చు. యాంటీస్టాటిక్ పట్టీ మణికట్టుకు కట్టుకొని, రెండవ కొసను ఛాసిస్‌పై రంగు లేని లోహ భాగానికి తగిలించండి. మన తేమ గాలిలో స్థిర విద్యుత్తు పుట్టదని కొందరు పట్టీని పక్కన పడేస్తారు. బయటి గాలి సంగతి అదే కావచ్చు కాని, సర్వర్ గదిలో రాత్రింబవళ్ళు నడిచే ఏసీ ఆ తేమను పీల్చేస్తుందన్న సంగతి మరచిపోకూడదు. కార్డు అంచులను స్లాట్ గాడుల్లో పెట్టి సమంగా లోపలికి తోసి, రెండు పక్కల మీటలనూ ఒకేసారి మూసి, ఆ తరువాతే మరలు బిగించాలి. సరిగా కూర్చోని కార్డును మరలతో లాగి కూర్చోబెట్టాలని చూస్తే వెనుకనున్న పిన్నులు వంగుతాయి. స్టేటస్ దీపం ఆకుపచ్చగా మారేదాకా ఆగండి.

ఇప్పుడు సూపర్‌వైజర్ కన్సోల్‌లో ‘షో మాడ్యూల్’ అని అడగండి. రెండవ వరుసలో రౌటర్ స్విచ్ కార్డు అన్న పేరు, దాని ఎదుట 34 పోర్టులు, చివర ఓకే అన్న స్థితి కనిపించాలి.

ఆ 34 దగ్గర కాసేపు ఆగుదాం. కార్డు ముఖం మీద ఫాస్ట్ ఈథర్‌నెట్ పోర్టులు 32, గిగాబిట్ పోర్టులు 2 ఉంటాయి కనుక లెక్క సరిపోయిందని అనుకొని ముందుకు వెళ్ళిపోవడం తేలిక. నిజానికి స్విచ్ లెక్కపెట్టిన రెండు గిగాబిట్ పోర్టులు అవి కావు. ముఖం మీది రెండు గిగాబిట్ పోర్టులు రౌటర్‌కు చెందినవి. స్విచ్‌కు వాటి ఉనికే తెలియదు. స్విచ్ జాబితాలో 2/1, 2/2 అన్నవి కార్డు లోపలి నుంచి, కార్డులన్నిటినీ వెనుక కలిపే బ్యాక్‌ప్లేన్‌కు కలిసే రెండు గిగాబిట్ లంకెలు. ముఖం మీది 32 పోర్టులకు 2/3 నుంచి 2/34 వరకు అంకెలు పడతాయి. అదే లోపలి లంకెలను రౌటర్ తన వైపు నుంచి గిగాబిట్ ఈథర్‌నెట్ 3, గిగాబిట్ ఈథర్‌నెట్ 4 అని పిలుస్తుంది. 1, 2 అంకెలు ముఖం మీది పోర్టులవి.

ఈ పాఠమంతటిలోనూ గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే: ఒకే ఛాసిస్‌లో కూర్చున్నంత మాత్రాన స్విచ్, రౌటర్ ఒకటి కావు. వాటికి రెండు వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, రెండు వేరు కాన్ఫిగరేషన్‌లు, రెండు వేరు పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. సూపర్‌వైజర్ మీద నడిచేది క్యాట్ ఓఎస్, మాడ్యూల్ మీద నడిచేది ఐఓఎస్. రెంటికీ మధ్య ఉన్నది కంటికి కనబడని రెండు కేబుళ్ళ వంటి లంకె మాత్రమే, కాబట్టి విడి రౌటర్‌ను రెండు కేబుళ్ళతో స్విచ్‌కు కలిపితే రెండు కొసలలోనూ ఏమేమి చేస్తామో ఇక్కడా సరిగ్గా అవే చేయాలి.

స్విచ్ కొసతో మొదలుపెడదాం. రెండు లంకెలను ఒకే లంకెలా పనిచేసే ఛానెల్‌గా కట్టాలి: ‘సెట్ పోర్ట్ ఛానెల్ 2/1-2 మోడ్ ఆన్’. ఆ ఛానెల్ మీద అన్ని వీలాన్లూ ప్రయాణించేలా ట్రంక్ చేయాలి: ‘సెట్ ట్రంక్ 2/1 నాన్‌నెగోషియేట్ డాట్1క్యూ 1-1005’. ఛానెల్‌లో ఒక పోర్టుకు చెప్పిన ట్రంక్ అమరిక రెండవదానికీ వర్తిస్తుంది. ఇక్కడ ‘ఆన్’, ‘నాన్‌నెగోషియేట్’ అన్న రెండు మాటలు అలవాటుగా కొట్టేవి కావు. స్విచ్‌లు రెండు ఎదురుపడినప్పుడు ఛానెల్ కట్టాలా, ట్రంక్ కావాలా అని తమలో తాము సంప్రదించుకోగలవు; అవతల ఉన్నది రౌటర్ కాబట్టి ఆ సంప్రదింపుల భాష దానికి రాదు. జవాబు కోసం ఎదురుచూసే ‘ఆటో’ అమరికలో వదిలేస్తే ట్రంక్ ఎప్పటికీ లేవదు. అందుకే సంప్రదించకుండా నేరుగా తెరవమని ఆజ్ఞాపిస్తున్నాం.

డాట్1క్యూ అన్నది ఐఈఈఈ సంస్థ 1998లో ప్రచురించిన ప్రమాణం. ప్రతి ఫ్రేమ్ (ప్యాకెట్‌ను మోసే కవరు)లోనూ 4 బైట్ల గుర్తు చొప్పించి, అందులోని 12 బిట్లలో వీలాన్ అంకెను రాస్తుంది. ఒక్క వీలాన్‌కు మాత్రం మినహాయింపు ఉంది. నేటివ్ వీలాన్ ఫ్రేములు ఏ గుర్తూ లేకుండా వెళతాయి. ఆ నేటివ్ ఏదో రెండు కొసలూ ఒకే మాట మీద ఉండాలి. మన అమరికలో అది 1వ వీలాన్.

ఇక రౌటర్ కొస. సూపర్‌వైజర్ దగ్గరే ‘సెషన్ 2’ అని కొడితే రెండవ స్లాట్‌లోని రౌటర్‌లోకి ప్రవేశిస్తారు. అలా కుదరనప్పుడు కార్డు ముఖం మీద రౌటర్‌కు సొంత కన్సోల్ పోర్టు ఉంది; 9600 బాడ్ వేగంతో కలపండి. కాన్ఫిగరేషన్‌లోకి వెళ్ళి ‘ఇంటర్‌ఫేస్ పోర్ట్-ఛానెల్ 1’ను సృష్టించండి. దానికి నేరుగా ఐపీ చిరునామా ఇవ్వకూడదు; చిరునామాలన్నీ దాని ఉప ఇంటర్‌ఫేస్‌లకే, అంటే వీలాన్‌కు ఒకటి చొప్పున చేసే విభాగాలకే. ‘పోర్ట్-ఛానెల్ 1.10’లోకి వెళ్ళి ‘ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 10’ అని చెప్పి, ఆ తరువాత 192.168.10.1 చిరునామాను 255.255.255.0 మాస్క్‌తో ఇవ్వండి. ఎన్‌క్యాప్సులేషన్ చెప్పకముందే చిరునామా ఇస్తే ఐఓఎస్ తిరస్కరిస్తుంది. 20, 30 వీలాన్లకూ ఇదే పద్ధతి. చిరునామాలో మూడవ అంకె మారుతుందంతే. 1.10లోని చుక్క తరువాతి అంకె మన సౌకర్యం కోసం పెట్టుకున్న పేరు మాత్రమేననీ, వీలాన్‌ను నిర్ణయించేది డాట్1క్యూ తరువాత రాసే అంకేననీ గుర్తుంచుకోండి. రెండూ ఒకటిగా ఉంచుకుంటే అర్ధరాత్రి తప్పు వెతికేవాడికి పుణ్యం.

నేటివ్ కోసం ‘పోర్ట్-ఛానెల్ 1.1’లో ‘ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 1 నేటివ్’ అని చెప్పి 192.168.1.1 ఇవ్వండి. చివరగా గిగాబిట్ ఈథర్‌నెట్ 3లోకీ, 4లోకీ వెళ్ళి ఒక్కొక్కదానిలో ‘ఛానెల్-గ్రూప్ 1’, ‘నో షట్‌డౌన్’ అని చెప్పండి.

స్విచ్‌కు కూడా ఒక చిరునామా ఉంటుంది, దూరం నుంచి దాన్ని నిర్వహించడానికి. సూపర్‌వైజర్‌లోని ఎస్‌సీ0 ఇంటర్‌ఫేస్‌కు 1వ వీలాన్‌లో 192.168.1.2 ఇచ్చి, ‘సెట్ ఐపీ రూట్ డిఫాల్ట్ 192.168.1.1’ అని చెప్పండి. ఇది చేయకపోతే లెక్కల విభాగంలోని కంప్యూటర్ నుంచి స్విచ్‌ను చేరుకోలేరు. తన ఛాసిస్‌లోనే రౌటర్ కూర్చొని ఉన్నా, స్విచ్ దాన్ని తనంతట తాను వాడుకోదు.

ఇప్పుడు భద్రపరచడం. క్యాట్ ఓఎస్ మామూలు అమరికలో మీరు ఆదేశం కొట్టిన వెంటనే దాన్ని శాశ్వత జ్ఞాపకంలోకి రాసుకుంటుంది. ఐఓఎస్ రాసుకోదు, ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ అని మీరు చెప్పాలి. తుఫాను రోజుల్లో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేశాక తిరిగి వెలిగిన స్విచ్‌లో వీలాన్లన్నీ చెక్కుచెదరకుండా ఉండి, వాటి మధ్య రాకపోకలు మాత్రం ఆగిపోతే, మొదట అనుమానించవలసింది ఈ ఒక్క ఆదేశాన్నే. తప్పు వెతికేవారు స్విచ్ వైపు అంతా సవ్యంగా కనిపించడంతో కేబుళ్ళ మీదకి వెళతారు, కాని లోపం రౌటర్ ఖాళీ కాన్ఫిగరేషన్‌లో ఉంటుంది.

పరీక్షించేటప్పుడు దగ్గరి నుంచి దూరానికి వెళ్ళాలి. రౌటర్‌లో ‘షో ఐపీ రూట్’ అడిగితే నాలుగు నెట్‌వర్క్‌లూ వరుస మొదట్లో ‘సీ’ అన్న గుర్తుతో, అంటే నేరుగా కలిసినవిగా, కనిపించాలి. తరువాత లెక్కల విభాగపు కంప్యూటర్‌లో డిఫాల్ట్ గేట్‌వేగా (తన నెట్‌వర్క్ బయటికి వెళ్ళే దారిగా) 192.168.10.1 ఉందో లేదో చూసి, ఆ గేట్‌వేకు పింగ్ (అందుతున్నావా అని అడిగే చిన్న పరీక్ష) ఇవ్వండి. అక్కడ జవాబు రాకపోతే ముందుకు పోకండి, లోపం ట్రంక్‌లోనో పోర్టు వీలాన్‌లోనో ఉంది. వస్తే 192.168.20.1కి ఇవ్వండి. అదీ వస్తే ప్రయోగశాలలోని కంప్యూటర్‌కు ఇవ్వండి.

ఆ చివరి పింగ్‌కు వచ్చే జవాబులో టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పేది) అన్న అంకెను గమనించండి. విండోస్ కంప్యూటర్ 128తో పంపిన ప్యాకెట్, రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గించుకుంటుంది. ఒకే వీలాన్‌లోని కంప్యూటర్ నుంచి జవాబు 128తో వస్తుంది, ఇప్పుడు ప్రయోగశాల నుంచి 127తో వస్తుంది. మీరు పెట్టిన కార్డు నిజంగా పని చేసిందనడానికి ఆ తగ్గిన ఒకటే సాక్ష్యం.

రెండు గేట్‌వేలూ పలికి, కంప్యూటర్ మాత్రం పలకకపోతే స్విచ్‌నూ రౌటర్‌నూ తిట్టుకోకండి. విండోస్ ఫైర్‌వాల్ తన సొంత సబ్‌నెట్ (ఇక్కడ తన వీలాన్) నుంచి వచ్చే పింగ్‌ను అనుమతించి, వేరే సబ్‌నెట్ నుంచి వచ్చేదాన్ని ఆపే అమరిక సర్వసాధారణం. నిన్నటిదాకా పక్క బల్ల నుంచి పలికిన యంత్రం వేరే వీలాన్ నుంచి అడిగితే మూగబోతుంది. ఆ నియమాన్ని సడలించి మళ్ళీ చూడండి.

ఇప్పుడు మూడు విభాగాలూ ఒకదాన్నొకటి చేరగలవు, నిజానికి చేరకూడనివి కూడా. గిడ్డంగి పరికరాల దాకా ఎవరు వెళ్ళవచ్చో నియంత్రించే యాక్సెస్ జాబితాలను ఎనిమిదవ పాఠంలో చూస్తాం. ఈలోగా ఒక అభ్యాసం. రౌటర్‌లో ‘పోర్ట్-ఛానెల్ 1.40’ను డాట్1క్యూ 40తో, 192.168.40.1 చిరునామాతో సృష్టించండి, కాని స్విచ్‌లో 40వ వీలాన్‌ను సృష్టించకండి. ‘షో ఐపీ రూట్’లో 192.168.40.0 కనిపిస్తుందా, లేదా? ఎందుకు? ముందు మీ జవాబును కారణంతో సహా కాగితం మీద రాసి, ఆ తరువాతే ఎంటర్ నొక్కండి.