స్నేర్ డ్రమ్ముల సేకరణ: ఎంపిక, పరీక్ష, సంరక్షణ

డ్రమ్స్ వాయించేవారికి మిగతావన్నీ ఒక్క సెట్టు ఉంటే ఏళ్ల తరబడి సరిపోతుంది గానీ, స్నేర్ డ్రమ్ము (అడుగున సన్నని వైర్లు ఆనుకుని, కొడితే జిర్రుమని పలికే డ్రమ్ము) విషయంలో మాత్రం ఒకటి ఇంటికి రాగానే మరొకదాని మీదికి మనసు పోతుంది. ఇది వట్టి వ్యామోహం కాదు. వ్యాసం అదే పద్నాలుగు అంగుళాలు ఉన్నా, షెల్ (డ్రమ్ము గుండ్రని ఒళ్లు) లోహం మారితే ఒక గొంతు, లోతు అంగుళం పెరిగితే మరో గొంతు, హూపులు (హెడ్లను, అంటే వాయించే పలుచని పొరలను, అంచున పట్టి ఉంచే రింగులు) మారితే ఇంకో గొంతు పలుకుతుంది. ఆ తేడాలను చెవితో పట్టుకోగలవారికి సేకరణ సహజంగానే మొదలవుతుంది. అయితే అది అలమర నింపే పనిగా మిగలకుండా ఉండాలంటే, తన దగ్గరున్న డ్రమ్ము పలకలేని దానిని కొత్తది పలకాలన్న నియమం మొదటినుంచీ పెట్టుకోవాలి.

చాలామంది దగ్గర మొదట ఉండేది కిట్టుతో పాటు వచ్చిన స్టీలు స్నేరే. దాని తరువాత అల్యూమినియం డ్రమ్ము కొనమని నా సలహా. ముఖ్యంగా 1960ల నుంచి అమెరికాలోని లుడ్విగ్ కంపెనీ విద్యార్థుల కోసమని చేసిన ఎనిమిది లగ్గుల (హూపును బిగించే మరలు దిగే, షెల్‌కు అమర్చిన భాగాలు) ఆక్రోలైట్‌ను వెతకండి. ఎన్నో రికార్డింగులలో వినిపించే అదే కంపెనీ సూప్రాఫోనిక్ షెల్లూ, దీని షెల్లూ ఒకే తీరువి. దానికి క్రోమ్ పూత, పది లగ్గులు ఉంటాయి, దీనికి ఆ మెరుపు ఉండదు, అంతే. తక్కువ ధరకు ఇంత పొడిగా, ఇంత స్పష్టంగా పలికే పాత డ్రమ్ము మరొకటి దొరకడం కష్టం. సూప్రాఫోనిక్‌లో ఐదు అంగుళాల లోతున్నది ఎల్‌ఎం 400, ఆరున్నర అంగుళాలది ఎల్‌ఎం 402. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది ఈ రెండవదే.

ఆ పైన ఇత్తడి, చెక్క. ఇత్తడి షెల్ మీద నల్లని నికెల్ పూత ఉన్న లుడ్విగ్ వారి బ్లాక్ బ్యూటీ 1920లలో మొదలైంది. గట్టిగా కొట్టినా, మెల్లగా తాకినా నిండుగా పలకడం దాని గుణం. చెక్కలో స్లింగర్లాండ్ వారి రేడియో కింగ్ ఒక ప్రత్యేక జాతి. మేపుల్ చెక్కను పొరలు పొరలుగా అతికించకుండా, ఒకే పలకను ఆవిరితో వంచి, గుండ్రం చెడకుండా లోపల రింగులు వేసి చేసేవారు. అమెరికన్ జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా వాయించడంతో దానికి పేరొచ్చింది. ఇలాంటి పాతదాన్ని తీసుకునేటప్పుడు, ఆ పలక రెండు కొసలూ కలిసే అతుకు విచ్చుకుందేమో ముందుగా చూడాలి.

పాత డ్రమ్ము కొనేముందు దానిని విప్పి చూడనివ్వమని మొహమాటం లేకుండా అడగండి. చిన్న అయస్కాంతం, టార్చి, కొలత టేపు, డ్రమ్ కీ (బిగింపు మరలను తిప్పే తాళం) దగ్గరుంటే చాలు. అయస్కాంతాన్ని హూపుకు కాకుండా షెల్‌కు ఆనించాలి; హూపులు సాధారణంగా స్టీలువే కాబట్టి వాటితో ఏమీ తేలదు. షెల్‌కు అతుక్కుంటే స్టీలు, అతుక్కోకపోతే అల్యూమినియమో ఇత్తడో అయి ఉంటుంది. ఆ రెంటినీ విడదీయడానికి మొదట చేతిలో బరువు చూడండి, తరువాత స్ట్రైనర్ (స్నేర్ వైర్లను బిగించి, వదిలే లివరు ఉన్న భాగం) విప్పి దాని బోల్టు రంధ్రం అంచున టార్చి వేయండి. అక్కడ పసుపు ఛాయ కనిపిస్తే ఇత్తడి. క్రోమ్ కింద చిన్న చిన్న పొక్కులు లేచి, తెల్లని పొడి రాలుతుంటే అల్యూమినియం. ఈ పొక్కులు చూడడానికి బాగుండవు గానీ శబ్దానికి చేసే చెరుపు పెద్దగా లేదు. వాటిని చూపించి ధర తగ్గించమని అడగడం న్యాయమే.

అసలైన పరీక్ష ఆ తరువాతది. రెండు హెడ్లూ తీసేసి, ఒట్టి షెల్‌ను వంటగదిలోని గ్రానైట్ గట్టు మీద పెట్టి, గదిలో దీపం ఆర్పి, షెల్ లోపల టార్చి వెలిగించండి. బేరింగ్ ఎడ్జ్ (హెడ్ ఆనే షెల్ అంచు) సమంగా ఉంటే వెలుతురు బయటికి రాదు. కింది అంచున, స్నేర్ వైర్లు దాటే రెండు చోట్ల మాత్రం సన్నగా, ఎదురెదురుగా, ఒకే లోతున వెలుగు కనిపించాలి. అవి స్నేర్ బెడ్లు. వైర్లు హెడ్‌ను అంటుకుని ఉండడానికి కావాలనే దింపినవి. వేరే చోట వెలుగు చిమ్మితే అంచు వంగిందనో, అరిగిందనో అర్థం. తరువాత ఎదురెదురు లగ్గుల మధ్య వ్యాసాన్ని నాలుగైదు చోట్ల కొలవండి. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే డ్రమ్ము ఎన్నటికీ సరిగ్గా శ్రుతి కాదు, దానిని వదిలేయడమే మేలు. ఇంగ్లాండులోని ప్రీమియర్ కంపెనీ పాత డ్రమ్ములు కొన్నింటిలో వ్యాసం ఇప్పటి ప్రమాణం కంటే కొంచెం ఎక్కువగా ఉండేది కనుక, వాటికి మామూలు హెడ్లు పట్టకపోవచ్చన్న సంగతి గుర్తుంచుకోండి.

బ్యాడ్జి మీది సీరియల్ నంబరును చూసి తయారైన సంవత్సరాన్ని తేల్చేయకూడదు. ఫ్యాక్టరీలో బ్యాడ్జీలను వరుస ప్రకారం బిగించేవారు కాదు కాబట్టి అది సుమారు కాలాన్నే చెబుతుంది. లుడ్విగ్‌లో 1960ల కీస్టోన్ బ్యాడ్జి, 1970ల నీలం-ఆలివ్ బ్యాడ్జి అనే తేడా చూసి, స్ట్రైనర్, లగ్గులు కూడా ఆ కాలానివేనా అని సరిపోల్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తరువాత ఎవరైనా వేసిన అదనపు రంధ్రాలు ఉన్నాయేమో చూడడం. మీరు కూడా కొత్త రంధ్రం వేయకండి. మార్చిన ప్రతి అసలు భాగాన్నీ పేరు రాసిన సంచిలో దాచండి.

ఇలాంటి డ్రమ్ములు మన దగ్గర అరుదు గనుక, అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకునేవారు ఎక్కువ. పెద్ద సూట్‌కేసులో పద్నాలుగు అంగుళాల డ్రమ్ము పడుతుంది. చుట్టూ, పైనా కిందా బట్టలు దట్టంగా సర్ది, స్ట్రైనర్ లివరుకు దెబ్బ తగలకుండా చూసుకోమని చెప్పండి. ఇత్తడిదైతే బరువు పరిమితిని, ఏదైనా సరే కస్టమ్స్ నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

ఇంటికి వచ్చాక వాటిని పోల్చడానికి అన్నిటికీ ఒకే రకం హెడ్లు వేయండి. పైన కోటెడ్ ఆంబాసిడర్ (రెమో కంపెనీ తెల్లని పూత హెడ్), కింద స్నేర్ వైపు కోసం చేసిన పలుచని హెడ్ చాలు. ఒకే కర్రలతో వాయిస్తూ, గదికి అవతలి చివర ఫోను పెట్టి రికార్డు చేయండి. వాయించేవారి చెవికి కటువుగా తోచే మోగుడు దూరాన వినేవారికి కమ్మగా ఉండడం తరచూ జరుగుతుంది. వైర్లు వదిలేసి కొట్టినా ఎక్కడో జిర్రుమంటుంటే లగ్గుల లోపలి స్ప్రింగులను అనుమానించండి. వాటి చుట్టూ కాస్త స్పాంజి కూర్చితే ఆ రొద పోతుంది.

విశాఖ, కాకినాడల ఉప్పుగాలికి క్రోమ్ త్వరగా చెడుతుంది. ప్లాస్టిక్ కవరులో చుడితే లోపల చెమ్మ నిలుస్తుంది కనుక నూలుగుడ్డ కప్పి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో చెక్క డ్రమ్మును కారులో వదలకూడదు, జిగురు విడిపోతుంది. ఇత్తడి అనగానే చింతపండుతో తోమడం మన ఇళ్లలో అలవాటు, కానీ బ్లాక్ బ్యూటీ మీద చింతపండును గానీ, పాలిష్‌ను గానీ పెట్టకండి. ఆ నల్లని పూత పలుచనిది, ఒకసారి అరిగితే మళ్లీ రాదు. తడి పిండేసిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే చాలు. కచేరీకి ఒక్కోసారి ఒక్కో డ్రమ్మును తీసుకెళ్తూ ఉంటే స్ట్రైనర్లు బిగుసుకుపోవు, తుప్పు పట్టిన వైరు ఉన్నా వెంటనే బయటపడుతుంది.